గిజుభాయి ‘పగటికల’లో అధికారి పాత్ర – ఉపాధ్యాయ వృత్తి వికాసం: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

గిజుభాయి బధేకా (1885–1939) గుజరాతీలో రాసిన ‘దివాస్వప్న’ 1930ల ఆరంభంలో వెలువడింది. ‘పగటికల’ పేరుతో తెలుగులోకి వచ్చాక ఉపాధ్యాయులు, బాలసాహిత్య కార్యకర్తలు ఇష్టంగా చదివే పుస్తకాల్లో ఒకటైంది. న్యాయవాద వృత్తిని విడిచి, భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరి, 1920లో అక్కడ బాలమందిరాన్ని ఆరంభించిన గిజుభాయి, తన అనుభవసారాన్ని ఒక కల్పిత కథనంగా మలిచారు. లక్ష్మీరామ్ అనే వ్యక్తి ఒక ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతిని ఏడాదిపాటు తీసుకొని చేసిన బోధన ప్రయోగం ఇందులోని ఇతివృత్తం.

ఈ రచన చదివేవారి దృష్టి సహజంగానే లక్ష్మీరామ్ మీద, అతడు చెప్పే కథల మీద, ఆడించే ఆటల మీద నిలుస్తుంది. పిల్లలు ఎలా నేర్చుకుంటారన్న ప్రశ్నకు ఇందులో దొరికే జవాబులు అంత ఆకర్షణీయమైనవి. అయితే ఈ కథనంలో నేర్చుకునేవారు పిల్లలు మాత్రమే కాదు. ఉపాధ్యాయుడు కూడా నేర్చుకుంటాడు. అతడు ఎలా నేర్చుకున్నాడు, అందుకు ఎవరు తోడ్పడ్డారు, ఆ తోడ్పాటు తక్కిన ఉపాధ్యాయులకు ఎందుకు అందలేదు అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇందుకోసం కథానాయకుడి కంటే విద్యాధికారి పాత్రను కేంద్రంగా చేసుకొని రచనను చదవడం జరిగింది.

పరిభాష – దృక్పథం

ఉపాధ్యాయుడి వృత్తి వికాసం గురించి తెలుగులో మాట్లాడేటప్పుడు ముందుగా ఎదురయ్యేది పరిభాష సమస్య. విద్యారంగంలో ఇటీవల ప్రచారంలోకి వచ్చిన ‘ఇన్‌స్ట్రక్షనల్ కోచింగ్’ అనే భావనను నేరుగా ‘కోచింగ్’ అంటే తెలుగు పాఠకుడికి స్ఫురించేది వేరు. ఎంసెట్, గ్రూప్స్, డీఎస్సీ వంటి పోటీ పరీక్షలకు అభ్యర్థులను సిద్ధం చేసే కేంద్రాలతో ఆ మాట మన వాడుకలో ముడిపడిపోయింది. అసలు భావన దీనికి దాదాపు వ్యతిరేకమైనది. అనుభవజ్ఞుడైన సహచరుడు ఒక ఉపాధ్యాయుడి తరగతికి పలుమార్లు వెళ్ళి పాఠం చూస్తాడు. తర్వాత ఇద్దరూ కూర్చొని మాట్లాడుకొని, చేయదగిన ఒక చిన్న మార్పును నిర్ణయించుకుంటారు. ఆ మార్పు తరగతిలో ఎలా నడిచిందో మళ్ళీ కలిసి చూసుకుంటారు. ఈ క్రమాన్ని ఈ వ్యాసంలో ‘బోధనా తోడ్పాటు’ అని వ్యవహరించడం జరిగింది.

మన విద్యా పాలనలో చిరకాలంగా స్థిరపడిన మాటలు మరో దృక్పథాన్ని పట్టి చూపుతాయి. ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చిన ‘తనిఖీ’ అనే మాటలో తప్పు దొరుకుతుందన్న అనుమానం ముందే ఉంది. ‘పర్యవేక్షణ’లో చూసేవాడు పైన, చూడబడేవాడు కింద ఉంటారు. ‘శిక్షణ’ సంస్కృతంలో నేర్చుకోవడానికి సంబంధించిన ధాతువు నుంచి పుట్టిన మాటే అయినా, అదే ధాతువు నుంచి వచ్చిన ‘శిక్ష’ తెలుగులో దండన అనే అర్థంలో స్థిరపడింది. ఉపాధ్యాయుడితో సమానంగా కూర్చొని మాట్లాడే మనిషికి మన పాలనాభాషలో సులభంగా అమరే పేరు లేదు. ‘పగటికల’లోని అధికారి కూడా తనిఖీ వ్యవస్థకు చెందినవాడే. కథ నడుస్తున్నకొద్దీ అతడు ఆ పాత్ర పరిధిని దాటడం ఈ రచనలో గమనించదగిన అంశం.

అనుమతి: తొలి తోడ్పాటు

లక్ష్మీరామ్ చాలా చదివినవాడు. తనకు ఆలోచనలు ఉన్నాయి గాని అనుభవం లేదని అతడికి తెలుసు. ఆ ఆలోచనల్లో ఎంత నిజముందో, ఎంత డొల్లతనముందో తేల్చుకోవడానికే ఒక తరగతి ఇమ్మని విద్యాధికారిని అడుగుతాడు. అధికారి నవ్వుతాడు. బల్ల ముందు కూర్చొని రాయడం వేరు, చిన్న తరగతి పిల్లల మధ్య నిలబడి బోధించడం వేరని హెచ్చరిస్తాడు. అయినా చివరికి నాలుగో తరగతిని అప్పగిస్తాడు. పాఠ్యప్రణాళిక, పాఠ్యపుస్తకాలు, శాఖ నియమాలు చూపి, సంవత్సరాంతపు పరీక్షా ఫలితాలే పనికి కొలబద్ద అని చెబుతాడు.

ఈ సంభాషణలో లక్ష్మీరామ్ చేసే ఒక విన్నపం కీలకమైనది. తన పిల్లలను అధికారే స్వయంగా పరీక్షించాలని అతడు కోరుతాడు. ప్రయోగానికి స్వేచ్ఛ ఇచ్చినవారే ఫలితాన్ని చూస్తే, విఫలమైన చోట అందుకు కారణాలను కూడా అర్థం చేసుకోగలరని అతడి వాదం. పైకి ఇది పరీక్షకు సంబంధించిన చిన్న ఏర్పాటుగా కనిపిస్తుంది. నిజానికి ఇది ఇద్దరి సంబంధాన్నే మార్చే ఒప్పందం. ఏడాది చివర తీర్పు చెప్పడానికి మాత్రమే రావలసిన మనిషి, ఈ విన్నపంతో ఏడాది పొడవునా జరిగే పనికి సాక్షి అవుతాడు. ఫలితం ఒక్కటే చూసేవాడికి అంకెలు చాలు. కారణాలు కూడా తెలుసుకోవలసినవాడు తరగతికి రాక తప్పదు.

మూల్యాంకనం చేసే అధికారి, తోడ్పడే సహచరుడు ఒకే వ్యక్తి కారాదని బోధనా తోడ్పాటును గురించి రాసేవారు తరచు చెబుతారు. తన ఉద్యోగ నివేదిక రాసే మనిషి ముందు ఏ ఉపాధ్యాయుడూ తన బలహీనతను విప్పి చెప్పడు. ‘పగటికల’లో ఈ రెండు పాత్రలూ ఒకరిలోనే ఉన్నాయి. అయినా సంబంధం నిలబడటానికి కారణం, వైఫల్యానికి చోటు ఉండాలన్న షరతును మొదటి రోజే ఉపాధ్యాయుడు స్వయంగా పెట్టడం, అధికారి దాన్ని అంగీకరించడం. ఇది ఆదర్శమైన ఏర్పాటు కాకపోవచ్చు. కాని వైఫల్యాన్ని ముందుగానే లెక్కలోకి తీసుకున్న ఏర్పాటు.

మొదటి రోజు, రెండో రోజు

ఆ చోటు మొదటి రోజే అవసరమవుతుంది. లక్ష్మీరామ్ ఆ రోజు ఏమేమి చేయాలో ముందే రాసుకొని తరగతికి వెళ్తాడు. మాంటిస్సోరి పద్ధతిలోని నిశ్శబ్దపు ఆటతో ఆరంభించాలని అతడి ఆలోచన. పిల్లలు నిశ్శబ్దాన్ని పాటించకపోగా, దాన్నే అల్లరికి సాధనంగా చేసుకుంటారు. ప్రణాళిక కూలిపోతుంది. లక్ష్మీరామ్ సెలవు ప్రకటిస్తాడు. పిల్లలు కేకలు వేస్తూ బయటికి పరుగెత్తుతారు. తక్కిన తరగతులకు భంగం కలిగిందని ప్రధానోపాధ్యాయుడు అతడిని మందలిస్తాడు.

బోధన దృష్టితో చూస్తే ఈ ఘట్టం పుస్తకమంతటిలో అత్యంత నిజాయతీ గలది. నిశ్శబ్దపు ఆట చెడ్డ పద్ధతి కాదు. మరో చోట, మరో నేపథ్యంలోని పిల్లలతో విజయవంతమైన పద్ధతే. పుస్తకంలో నేర్చుకున్నది తరగతి గదిలోకి యథాతథంగా రాదన్న సత్యం ఇక్కడ కథారూపం పొందింది. అమెరికన్ విద్యావేత్తలు బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980ల తొలినాళ్ళలో దాదాపు ఇదే విషయాన్ని శాస్త్రీయంగా ప్రతిపాదించారు. సిద్ధాంతం వినడం, నమూనా పాఠం చూడటం, శిక్షణ శిబిరంలో అభ్యసించడం అవసరమైనవే. అయితే నేర్చుకున్న నైపుణ్యం అసలు తరగతిలో నిలవాలంటే అక్కడే కొనసాగే తోడ్పాటు ఉండాలని వారు వాదించారు. లక్ష్మీరామ్ మొదటి రోజు ఈ వాదానికి అర్ధశతాబ్ది ముందే రాసిన ఉదాహరణలా కనిపిస్తుంది.

వైఫల్యానికి ఇద్దరి ప్రతిస్పందన వేర్వేరుగా ఉంటుంది. ప్రధానోపాధ్యాయుడు రోజంతా అదే ప్రాంగణంలో ఉండే మనిషి. భౌతికంగా లక్ష్మీరామ్‌కు అందరికంటే దగ్గరివాడు. కాని అతడు నియమాన్ని గుర్తుచేస్తాడు, క్రమశిక్షణ గురించి హెచ్చరిస్తాడు. తరగతిలో ఏమి జరిగింది, ఎందుకు జరిగింది అన్న సంభాషణకు అక్కడ తావు లేదు. లక్ష్మీరామ్ ఇంటికి వెళ్ళి తానే ఆలోచించుకుంటాడు. మర్నాడు నిశ్శబ్దాన్ని పక్కన పెట్టి కథ మొదలుపెడతాడు. పిల్లలు కదలకుండా వింటారు. నిన్న కోరినా రాని నిశ్శబ్దం ఈ రోజు కోరకుండానే వస్తుంది.

ఈ మార్పును లక్ష్మీరామ్‌కు ఎవరూ బోధించలేదు. అందువల్ల ఇందులో తోడ్పాటు పాత్ర ఏముందన్న సందేహం రావచ్చు. అతడికి రెండో రోజు దక్కడమే ఇందుకు సమాధానం. మొదటి రోజు వైఫల్యాన్ని తుది తీర్పుగా తీసుకునే వ్యవస్థలో రెండో రోజు కథ పుట్టేది కాదు. అధికారి ఇచ్చిన ఏడాది గడువు ఆ రాత్రి జరిగిన ఆత్మపరిశీలనకు ఆధారం. ఉపాధ్యాయుడికి పరిష్కారం చెప్పడం కన్నా, అతడు పరిష్కారం వెతుక్కునేంత కాలం నిలబడేలా చూడటం పెద్ద సహాయమని ఈ ఘట్టం సూచిస్తుంది.

ప్రశ్నించే అధికారి

కథనం ప్రయోగారంభం, ప్రయోగ ప్రగతి, ఆరు నెలల చివరి దశ, ఆఖరి సమావేశం అనే నాలుగు భాగాలుగా సాగుతుంది. ఈ నాలుగింటిలోనూ అధికారి రాకపోకలు, సంభాషణలు ఉన్నాయి. అతడు లక్ష్మీరామ్‌ను కళ్ళు మూసుకొని సమర్థించడు. కథలు, ఆటలు సరే, పాఠ్యప్రణాళిక ఎప్పుడు మొదలవుతుందన్నది అతడి ఆందోళన. ప్రతి పిల్లవాడూ అదే పాఠ్యపుస్తకం కొనే బదులు ఆ డబ్బుతో తరగతి గ్రంథాలయం ఏర్పరచుకోవచ్చన్న ఆలోచన వంటివి అతడికి వింతగా తోస్తాయి.

ఈ సందేహాల కళాత్మక ప్రయోజనం స్పష్టం. పాఠకుడి మనసులోని అభ్యంతరాలను అధికారి ముందుగానే అడుగుతాడు. లక్ష్మీరామ్ జవాబుల ద్వారా రచయిత తన విద్యా సిద్ధాంతాన్ని వివరిస్తారు. వృత్తి వికాసం దృష్టితో చూస్తే ఇందులో మరొక ప్రయోజనం ఉంది. ప్రశ్న ఎదురైన ప్రతిసారీ లక్ష్మీరామ్ తాను ఫలానా పని ఎందుకు చేస్తున్నాడో మాటల్లో పెట్టవలసి వస్తుంది. కథ చెప్పడం మొదట అతడికి రెండో రోజు తట్టిన ఉపాయం. అధికారికి, తోటివారికి వివరించే క్రమంలో అది భాషాబోధనకు, వినే అలవాటుకు, తరగతి క్రమశిక్షణకు పునాదిగా రూపుదిద్దుకుంటుంది. ఉపాయం పద్ధతిగా మారింది వివరణ ద్వారానే. నిజమైన కుతూహలంతో అడిగిన ప్రశ్న ఉపాధ్యాయుడికి ఉపన్యాసం కంటే ఎక్కువ మేలు చేస్తుందనడానికి ఈ సంభాషణలు నిదర్శనాలు.

అధికారి కూడా మారతాడు. మొదట నవ్విన మనిషే ఆఖరి సమావేశంలో తన తొలి అపనమ్మకాన్ని అందరి ముందు ఒప్పుకుంటాడు. ఈ అంగీకారం రచనకు భావోద్వేగపరమైన ముగింపు మాత్రమే కాదు. తోడ్పడేవాడు తానూ నేర్చుకోకపోతే ఆ సంబంధం తనిఖీగానే మిగిలిపోతుందన్న సూచన ఇందులో ఉంది.

తోటి ఉపాధ్యాయులు: కథనంలోని లోపం

ఇంతవరకు చెప్పినది రచన బలం. దాని బలహీనత తోటి ఉపాధ్యాయుల చిత్రణలో బయటపడుతుంది. వారి మాటల్లో ఆశ్చర్యం, హేళన, ఈర్ష్య, నిస్సహాయత కలగలిసి వినిపిస్తాయి. లక్ష్మీరామ్‌కు పైఅధికారి అండ ఉందని, సంసారభారంతో నడిచే తమకు ఇటువంటి ప్రయోగాలు సాగవని వారి భావం. కథనం లక్ష్మీరామ్ గొంతుతో నడుస్తుంది కాబట్టి పాఠకుడు వారి మాటలను సాకులుగా కొట్టివేయడానికి ఇష్టపడతాడు. పాత పద్ధతులకు అలవాటుపడినవారిగా, ఉత్సాహం లేనివారిగా వారు ముద్రపడిపోతారు.

కాని వారు చెప్పినదాంట్లో సత్యం ఉంది. లక్ష్మీరామ్‌కు దక్కినవి ఏవని లెక్కిస్తే, ఏడాది గడువు, విఫలమయ్యే స్వేచ్ఛ, తరగతికి వచ్చి ప్రశ్నలు అడిగే అధికారి, ఆ అధికారి చేతనే జరిగే పరీక్ష అని తేలుతుంది. పక్క గదిలోని ఉపాధ్యాయుడికి వీటిలో ఒక్కటీ లేదు. అతడి తరగతిని చూసేది తనిఖీ, అతడి వైఫల్యాన్ని లెక్కపెట్టేది పరీక్ష. ఇద్దరి మధ్య ఉన్న తేడాను ప్రతిభలోనో, అంకితభావంలోనో మాత్రమే వెతకడం అన్యాయం. లక్ష్మీరామ్ విజయం పెరిగినకొద్దీ ఆ పాఠశాలలో అసమానత కూడా పెరుగుతుంది. ఒకరికి వికాసం, తక్కినవారికి పోలిక వల్ల కలిగే చిన్నతనం. గిజుభాయి ఈ సమస్యను చూశారు, తోటివారి నోట పలికించారు. కథలో దానికి పరిష్కారం చూపలేదు.

రచయిత జీవితంతో పోల్చినప్పుడు ఈ లోపం మరింత స్పష్టమవుతుంది. లక్ష్మీరామ్ ఒంటరి ప్రయోక్త. గిజుభాయి ఒంటరి కారు. నానాభాయి భట్ నాయకత్వంలోని సంస్థ ఆయనకు నీడనిచ్చింది. తారాబాయి మోదక్ వంటి సహచరులు ఆయనతో కలిసి పనిచేశారు. ఉపాధ్యాయులను తయారుచేయడానికి అక్కడ అధ్యాపన మందిరం కూడా నడిచింది. అంటే నిజ జీవితంలో బోధన సంస్కరణ ఒక బృందపు పని. కథగా మారేసరికి అది ఒక వీరుడి సాహసమైంది. కథనకళకు ఒంటరి నాయకుడు సౌకర్యంగా ఉంటాడు. కాని ఈ పుస్తకాన్ని ఆదర్శంగా తీసుకునే ఉపాధ్యాయుడికి ఆ ఒంటరితనమే ఆదర్శంగా అందే ప్రమాదం ఉంది. పుస్తకం చదివి ఉత్సాహంతో తరగతికి వెళ్ళి మొదటి రోజే విఫలమైన ఉపాధ్యాయుడు, లోపం తనలోనే ఉందని అనుకుంటాడు. రెండో రోజును లక్ష్మీరామ్‌కు సమకూర్చిన ఏర్పాటు అతడి కంటపడదు.

తెలుగునాట ఒక పోలిక: యేట్స్ ప్రశ్న

ప్రశ్న అడిగే అధికారి కల్పనలో మాత్రమే కనిపించే వ్యక్తి కాదు. తెలుగు భాషా చరిత్రలో ఇటువంటి ఉదాహరణ ఒకటి ప్రసిద్ధంగా ఉంది. 20వ శతాబ్ది తొలి దశాబ్దిలో ఉత్తర సర్కారు జిల్లాల్లో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన జె.ఎ. యేట్స్, పిల్లలు మాట్లాడే తెలుగుకూ పుస్తకాల్లోని తెలుగుకూ మధ్య ఉన్న దూరాన్ని గమనించి, ఇది ఎందుకని అడిగారు. ఆ ప్రశ్న విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ద్వారా గిడుగు రామమూర్తికి, గురజాడ అప్పారావుకు చేరింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా జీవితం ఆరంభించిన గిడుగు (1863–1940), ఆ తర్వాత వ్యావహారిక భాషోద్యమానికి సారథి అయ్యారు.

యేట్స్ చేసినది నేటి అర్థంలో బోధనా తోడ్పాటు కాదు. ఆయన ఎవరి తరగతిలోనూ ఏడాదిపాటు కూర్చోలేదు. అయినా పోలికకు ఆధారం ఉంది. తనిఖీకి వచ్చిన అధికారి ఉపాధ్యాయుల తప్పుల జాబితా రాసుకుపోయి ఉంటే అది ఒక నివేదికగా మిగిలేది. సమస్యను తానే తీర్చాననుకోకుండా, ఆ భాషను ఎరిగినవారి ముందు ప్రశ్నగా పెట్టడం వల్ల జవాబు వెతికే బాధ్యత, గౌరవం వారికి దక్కాయి. ‘పగటికల’లోని అధికారి ఒక ఉపాధ్యాయుడి విషయంలో చేసినదీ ఇదే. యేట్స్ ప్రశ్న విషయంలో విశేషమేమంటే, దాన్ని అందుకున్నది ఒక వ్యక్తి కాదు, ఒక సమూహం. గిజుభాయి కథనంలో లోపించిన అంశం ఇక్కడ కనిపిస్తుంది.

ఉపాధ్యాయ కేంద్రాలు – విస్తరణ సమస్య

ఒక్క లక్ష్మీరామ్‌కు దక్కినది వేలాది ఉపాధ్యాయులకు ఎలా అందాలన్నది కథ దాటిన ప్రశ్న. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో 1984లో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుంచి విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం దీనికి ఒక జవాబు వెతికింది. ఉపాధ్యాయుడే అభ్యసన కృత్యాలు రూపొందించడం, చేయడం ద్వారా నేర్పడం, వ్యక్తిగత, జట్టు, పూర్తి తరగతి పనులను కలపడం, వైయక్తిక భేదాలను గుర్తించడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనుల ప్రదర్శనతో తరగతిని ఆకర్షణీయంగా తీర్చడం అనే ఆరు సూత్రాలను అది ప్రతిపాదించింది. చుట్టుపక్కల పాఠశాలల ఉపాధ్యాయులు కలుసుకొని మాట్లాడుకునే ఉపాధ్యాయ కేంద్రాలు దాని ముఖ్యాంగం. ఈ ఆరు సూత్రాల్లో చాలావరకు లక్ష్మీరామ్ తరగతిలో అప్పటికే ఉన్నవే. అతడి పాఠశాలలో లేనిది ఉపాధ్యాయులు కలుసుకునే కేంద్రమే.

సూత్రాలు ఎంత మంచివైనా వాటిని చూసే కన్ను పాతదైతే అవి తిరిగి తనిఖీ పట్టికలుగా మారతాయి. గోడ మీద పిల్లల బొమ్మలు ఉన్నాయా, పిల్లలు జట్లుగా కూర్చున్నారా అని గుర్తులు పెట్టుకుపోవడం సులభం. ఆ బొమ్మ వేస్తున్నప్పుడు పిల్లవాడు ఏమి నేర్చుకున్నాడని ఉపాధ్యాయుడితో కూర్చొని మాట్లాడటానికి సమయం కావాలి. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడికి ఏటా కనీసం 50 గంటల వృత్తి వికాస కార్యక్రమాలు ఉండాలని ఆశిస్తోంది. గంటలను లెక్కించవచ్చు, సంబంధాన్ని లెక్కించడం కష్టం.

ఈ కష్టం మనకే పరిమితమైనది కాదు. మాథ్యూ క్రాఫ్ట్, డేవిడ్ బ్లేజర్, డిలన్ హోగన్ 2018లో ప్రచురించిన విశ్లేషణలో బోధనా తోడ్పాటుపై జరిగిన 60 అధ్యయనాలను పరిశీలించారు. బోధన నాణ్యతలో 0.49, విద్యార్థుల సాధనలో 0.18 ప్రామాణిక విచలనాల మేరకు మెరుగుదల ఉన్నట్టు తేల్చారు. అయితే ఎక్కువమంది ఉపాధ్యాయులకు విస్తరించిన కార్యక్రమాల్లో ఈ ప్రభావం తగ్గిందని కూడా గుర్తించారు. ఒక అధికారి, ఒక ఉపాధ్యాయుడు ఉన్న కథలో పండిన ఫలం వందలమందికి పంచేటప్పుడు పలచబడుతుందన్నమాట. ‘పగటికల’లోని తోటి ఉపాధ్యాయుల ఫిర్యాదుకు ఈ అంకెలు వేరొక రూపం.

ముగింపు

అధికారి పాత్రను కేంద్రంగా చేసుకొని చదివినప్పుడు ‘పగటికల’ అద్భుత ఉపాధ్యాయుడి కథగా కంటే, ఒక ఉపాధ్యాయుడికి దక్కిన అరుదైన పరిస్థితుల కథగా అర్థమవుతుంది. లక్ష్మీరామ్ శ్రద్ధను, సృజనను ఈ పఠనం తక్కువ చేయదు. ఆ శ్రద్ధ ఎండిపోకుండా నిలవడానికి గడువు, ప్రశ్న, సాక్షి అనే మూడూ తోడ్పడ్డాయని మాత్రమే చెబుతుంది. ఆ మూడూ లేనివారిని అతడితో పోల్చి నిందించే హక్కు పాఠకుడికి లేదు.

ఈ పుస్తకాన్ని ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లో చదివించేవారు సాధారణంగా ‘మీరూ లక్ష్మీరామ్ కావాలి’ అన్న సందేశంతో ముగించవచ్చు. పుస్తకం అంతకంటే కఠినమైన ప్రశ్నను విద్యాధికారుల ముందు, ప్రధానోపాధ్యాయుల ముందు ఉంచుతోంది. తమ పరిధిలోని ఉపాధ్యాయుల్లో మొదటి రోజు విఫలమైనవారు ఎందరు, వారిలో రెండో రోజు దక్కినవారు ఎందరు అన్నదే ఆ ప్రశ్న.